ద్రవ్యోల్బణం 0.25 శాతమట. మరి మా ఇంటి లెక్క ఎందుకు తేలట్లేదు? (2025 నవంబర్ నాటి ఆన్‌లైన్ చర్చ)

నిజాంపేట_వాసి:
కేంద్ర గణాంక శాఖ ఈ నెల, అంటే 2025 నవంబర్ 12న, అక్టోబర్ లెక్క వదిలింది. చిల్లర ధరల ద్రవ్యోల్బణం 0.25 శాతం. 2012 బేస్‌తో (అంటే 2012 ధరలను వందగా తీసుకుని) ఈ సిరీస్ మొదలైనప్పటి నుంచి ఇంత తక్కువ ఎప్పుడూ లేదట. మన తెలంగాణలో అయితే ఏకంగా సున్నా కంటే కింద. అంటే పోయినేడాది వంద పెట్టి కొన్నవి ఇప్పుడు వంద లోపే వచ్చేస్తున్నాయన్నమాట. ఈ శుభవార్త మా ఓనర్‌కి ఎవరైనా చెప్పండి ప్లీజ్. అద్దె 18,000 నుంచి 19,800 చేశాడు. స్కూలువాళ్లు ఫీజు 15 శాతం పెంచారు. నా మాట సూటిగా చెప్తున్నా: ఈ అంకె ఆఫీసులో కూర్చుని వండింది. కాదనేవాళ్లు లెక్కతో రండి.

చిట్టాపద్దు:
లెక్కతోనే వస్తా. ద్రవ్యోల్బణం అంటే ధర కాదు, ఏడాదిలో ధర ఎంత శాతం మారిందన్నది. పోయినేడాది అక్టోబర్‌లో అది 6.21. ఒక్క ఆహారమే చూస్తే 10.87. కూరగాయలు మండిపోయిన నెల అది, గుర్తుందిగా? ఆ ఎత్తు మీద నిలబడి ఈ ఏడాదిని కొలిచారు. రెండేళ్లు కలిపి చూడండి: 1.0621ని 1.0025తో గుణిస్తే 1.0648. అంటే 2023 అక్టోబర్ కంటే ధరలు ఇప్పటికీ దాదాపు 6.5 శాతం ఎక్కువే. ఆహారం ఈసారి 5.02 శాతం తగ్గింది, అయినా రెండేళ్ల కిందటితో చూస్తే 5.3 శాతం పైనే ఉంది. అంకె నిజమే, మీ జేబు చెప్పేదీ నిజమే.

సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ స్లాబులు తగ్గించారు కదా, ఆ ప్రభావం నెలంతా పడింది కూడా అక్టోబర్‌లోనే.

గోంగూర_పచ్చడి:
సరే, వేగం తగ్గిందనే అనుకుందాం. ఇంతకీ ధరలు రాసుకునేది ఎవరు? మా వీధికి ఎవరూ వచ్చి అడిగిన పాపాన పోలేదు.

చిట్టాపద్దు:
ఈ సిరీస్‌కి 310 పట్టణాల్లో 1,114 మార్కెట్లు, 1,181 గ్రామాలు. ప్రతి నెలా అవే దుకాణాలకు వెళ్లి అదే రకం, అదే పరిమాణం సరుకు ధర రాసుకుంటారు. అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ అయిదు రూపాయలే ఉండి లోపల బిస్కెట్లు తగ్గితే దాన్నీ పెరుగుదల కిందే లెక్క వేయాలి.

అసలు తిరకాసు తూకంలో ఉంది. ఈ సిరీస్ సూచీలో, అంటే సరుకులన్నిటి ధరలు కలిపి కట్టే సగటు అంకెలో, ఆహార పానీయాల వాటా 45.86 శాతం. పల్లెల్లో 54.18, పట్టణాల్లో 36.29. చదువు వాటా పట్టణాల్లో 5.62. ఇంటి అద్దె పట్టణాల్లో 21.67, పల్లెల సూచీలో అద్దె అనేదే లేదు. ఈ వాటాలన్నీ 2011-12 ఖర్చుల సర్వే నుంచి తీసినవి. అప్పట్లో మన చేతిలో ఉన్న ఫోన్లు గుర్తు తెచ్చుకోండి. 2026 ఫిబ్రవరి నుంచి 2024 బేస్‌తో కొత్త సిరీస్ ఇస్తామని శాఖ ప్రకటించింది, అందులో తిండి వాటా బాగా తగ్గుతుంది. నిజాంపేట గారూ, మీ ఇంటి ఖర్చు ఓసారి విడగొట్టి పెట్టండి, చూద్దాం.

నిజాంపేట_వాసి:
ఆదివారం డైరీ తీసి కూర్చున్నా. నెలకి, పోయినేడాది అక్టోబర్ ఒకవైపు, ఈ ఏడాది ఒకవైపు:
అద్దె 18,000, ఇప్పుడు 19,800
ఫీజులు 11,000, ఇప్పుడు 12,650
సరుకులు, పాలు, కూరగాయలు 15,000, ఇప్పుడు 14,600
పెట్రోలు 4,000, ఇప్పుడూ అంతే
మందులు, ఇన్సూరెన్స్ 4,000, ఇప్పుడు 4,600
మిగతావన్నీ 10,000, ఇప్పుడు 10,350
మొత్తం 62,000 కాస్తా 66,000 అయింది. దాదాపు 6.5 శాతం. ఏది 0.25, ఏది 6.5?
అన్నట్టు, వంటింటి ఖర్చు తగ్గిందని మా ఆవిడ రెండు నెలల నుంచి చెబుతోంది. నేనే నమ్మలేదు. డైరీ ఆవిడ వైపే ఉంది.

చిట్టాపద్దు:
పెరిగిన 4,000లో 3,450 అద్దె, ఫీజులే! మీ ఖర్చులో అద్దె 29 శాతం, ఫీజు దాదాపు 18 శాతం. సూచీలో పట్టణ కుటుంబానికి 21.67, 5.62. మీది సగటు ఇల్లు కాదు, హైదరాబాద్‌లో పిల్లల్ని ప్రైవేటు స్కూల్లో వేసిన అద్దె ఇల్లు. సంపాదనలో సగానికి పైగా తిండికే పోయే ఇంట్లో ఈ ఏడాది నిజంగానే కాస్త ఊపిరాడింది.

అద్దె దగ్గర మాత్రం మీతో ఏకీభవిస్తా. సూచీ ప్రకారం అద్దెలు పెరిగింది 3 శాతం లోపే. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్న పాత కిరాయిదారులు, చిన్న ఊళ్లు, పైగా ప్రభుత్వ క్వార్టర్లకు హెచ్‌ఆర్‌ఏని (ఉద్యోగుల ఇంటి అద్దె భత్యాన్ని) అద్దెగా లెక్కకట్టడం, ఇవన్నీ కలిసి ఆ అంకెను కిందికి లాగుతాయి. కొత్తగా ఇల్లు వెతుక్కునేవాడి కష్టం అందులో కనబడదు.

మదనపల్లె_తోట:
మీరు ఎంతసేపూ కొనేవాళ్ల లెక్కే చెప్తున్నారన్నా. ఆహారం 5 శాతం తగ్గిందని పండగ చేసుకుంటున్నారు, ఆ తగ్గింది ఎవరి జేబులోంచి? ఈ ఫిబ్రవరిలో గుంటూరు మిర్చి పడిపోతే కేంద్రం క్వింటాలుకి 11,781 అని మద్దతు ప్రకటించాల్సొచ్చింది. తోతాపురి మామిడికి ఫ్యాక్టరీలు ఇచ్చేది కిలోకి 8 అయితే ప్రభుత్వం ఇంకో 4 కలిపింది. కర్నూలు ఉల్లిని క్వింటాలు 1,200కి ప్రభుత్వమే కొంటానని ముందుకొచ్చింది. కిలో పన్నెండు రూపాయలు! ఆ రేటుకి ఊళ్లో ఎవరికీ నవ్వొచ్చింది లేదు.

2023 జూలైలో మా మార్కెట్‌లో టమాటా కిలో 150 దాటింది. ఆ నెల ద్రవ్యోల్బణం 7.44 అని టీవీల్లో గోల గోల. సూచీలో టమాటా వాటా అర శాతం పైచిలుకు, అంతే. అయినా దేశమంతా మా మీద పడింది. రేటు పడిపోయి రోడ్డు పక్కన పారబోసిన రోజు మాత్రం ‘ధరలు అదుపులో ఉన్నాయి’ అని రాస్తారు. అదుపు ఎవరికి?

గోంగూర_పచ్చడి:
ఇది ఒప్పుకోవాల్సిందే. నేనూ కూరగాయల సంచీ నింపుకుని సంతోషపడ్డదాన్నే.

నోట్ల_కట్ట:
ఏం చర్చ ఇది? రిజర్వ్ బ్యాంకు నోట్లు ముద్రిస్తే ధరలు పెరుగుతాయి, ఆపితే తగ్గుతాయి. మిగతాదంతా సోది.

చిట్టాపద్దు:
అంత సులువైతే నోట్ల ప్రెస్సుకి తాళం వేసి వచ్చేవాళ్లం. అక్టోబర్‌లో కేరళ ద్రవ్యోల్బణం 8.56 శాతం, తెలంగాణ సున్నా కింద. రెండు చోట్లా అవే నోట్లు, అదే వడ్డీ రేటు. అక్కడ కొబ్బరి నూనె, బంగారం రెండూ బాగా వాడతారు, రెండూ మండాయి. ఇక్కడ ఉగాది నుంచి రేషన్‌లో సన్నబియ్యం ఇస్తున్నారు, బయట కొనేవాళ్లు తగ్గారు. ఇది మాత్రం నా అంచనా.
వంటనూనె చూడండి. సగానికి పైగా దిగుమతే. 2024 సెప్టెంబర్‌లో ముడి వంటనూనె మీద దిగుమతి సుంకం 5.5 నుంచి 27.5 శాతానికి పెంచారు, ఈ మే నెలాఖరులో 16.5కి దించారు. నూనె ప్యాకెట్ రేటు ఆ సంతకాలను బట్టి ఆడింది. డబ్బు చలామణీకి పాత్ర లేదనను. కానీ వానకి, సుంకానికి, రవాణాకి తర్వాతే.

పెన్షన్_బాబాయ్:
నా గోడు కూడా వినండి నాయనా. ద్రవ్యోల్బణం తగ్గిందని ఈ ఫిబ్రవరి నుంచి జూన్ లోపు రెపో రేటు (బ్యాంకులకు రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ) 6.5 నుంచి 5.5కి దించారు. ఇంటి లోను ఉన్నవాడికి వాయిదా తగ్గింది, బాగుంది. నా ఎఫ్‌డీ రెన్యువల్‌కి వెళితే 7.25 పోయి 6.5 అన్నారు. నా మందుల బిల్లుకి 0.25 శాతం సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు. కేంద్ర పెన్షన్ కాబట్టి డీఆర్ (పెన్షన్ మీద కరవు భత్యం) 58 శాతం వస్తోంది, అదొక్కటే ఊరట. అది మీరు చెప్పే సూచీతో కాదు, పారిశ్రామిక కార్మికుల సూచీతో, లేబర్ బ్యూరో లెక్కతో వస్తుంది.

మదనపల్లె_తోట:
బాబాయ్ గారూ, మీకు వేరే సూచీ ఉన్నట్టే ఉపాధి హామీ కూలీకి కూడా వ్యవసాయ కార్మికుల సూచీ అని ఒకటుంది. ఈ ఏడాది మే వరకు దాని బేస్ 1986-87. మా నాన్న ఎడ్లబండి తోలిన రోజుల నాటి బుట్ట! ఆ లెక్కన ఏపీ, తెలంగాణల్లో రోజుకూలి 300 నుంచి 307 అయింది. ఏడు రూపాయలకి మా ఊళ్లో టీ కూడా రాదు.

పెన్షన్_బాబాయ్:
1986-87నా? అప్పుడు నేను ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నాను. మరి దీని మీద ఎవరూ అడగలేదా?

చిట్టాపద్దు:
అడిగీ అడిగీ జూన్ లెక్క నుంచి 2019 బేస్ వచ్చింది బాబాయ్ గారూ. ఈ ఏడాది కూలి మాత్రం మార్చిలోనే పాత లెక్కతో ఖరారైపోయింది.

నిజాంపేట_వాసి:
‘వండింది’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. సగటు నాది కాదు, అంతవరకు ఒప్పుకున్నా. అయితే ఇదంతా చదివాక ఓనర్ దగ్గరికి వెళ్లాను, సూచీలో అద్దెలు 3 శాతం లోపే పెరిగాయని ఫోన్‌లో చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చదివి, "ఇందులో మన వాచ్‌మన్ జీతం, లిఫ్ట్ రిపేరు ఉన్నాయా బాబూ?" అన్నాడు. చివరికి 19,500కి ఒప్పుకున్నాడు. డైరీలో దిద్దాను.