మన ఎండలకు థర్మోస్టాట్ ఎందుకు, పీకేద్దాం అంటున్నాడు మెకానిక్. ఇంట్లో నేనే కొత్తది వేసుకోవచ్చా?

పెన్నా గట్టు (నెల్లూరు):

అన్నలూ, ఒక డౌటు. నాది 2013 మోడల్ పెట్రోల్ చిన్న కారు, రెండేళ్ల కింద సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. ఏ కంపెనీదో చెప్పనులే, చెప్తే మాటంతా అటు పోయి నా డౌటు ఇక్కడే మిగిలిపోతుంది. టౌన్లో తిరిగేటప్పుడు టెంపరేచర్ ముల్లు మధ్యకి వచ్చి నిలబడుతుంది గానీ, హైవే ఎక్కి కావలి వైపు ఎనభై తొంభైలో పోతుంటే మెల్లగా కిందకి జారిపోతుంది. కోవూరు దాటేసరికే మొదలు. ఎక్కడన్నా ఐదు నిమిషాలు ఆగితే మళ్లీ ఎక్కుతుంది.

మొదట్లో సంతోషించాను కూడా, ఇంజిన్ చల్లగా ఉంది, మంచిదేగా అని. తర్వాత చూస్తే లీటరుకి 18 ఇవ్వాల్సిన బండి 14 దగ్గరే ఆగిపోతోంది. పొద్దున స్టార్ట్ చేస్తే ఐడిల్ ఎంతకీ దిగదు, గుయ్యిమంటూనే ఉంటుంది. పోయిన వారం చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. మా తమ్ముడి దగ్గర బ్లూటూత్ స్కానర్ ఉంటే పెట్టి చూశాం, పీ0128 అని వచ్చింది. ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, ఉండాల్సినంత వేడెక్కడం లేదని దాని అర్థమంట.

మెకానిక్ దగ్గరికి పోతే చూడకుండానే చెప్పేశాడు: "థర్మోస్టాట్ తెరుచుకుని బిగుసుకుపోయింది సార్. కొత్తది దండగ, పీకేసి డైరెక్ట్ చేసేద్దాం. అది చలి దేశాల సరుకు, మన నెల్లూరు ఎండలకి దాంతో ఏం పని?" వినడానికి నిజమే అనిపించింది. కానీ ఇప్పుడే చల్లగా ఉంది అని ఏడుస్తుంటే, ఉన్నది కూడా తీసేస్తే ఇంకా చల్లబడదా? నాకు స్పానర్ పట్టడం వచ్చు, ఆయిలూ బ్రేక్ ప్యాడ్లూ నేనే మార్చుకుంటా. ఇది ఇంట్లో అయ్యే పనేనా?

గుండ్లకమ్మ (ఒంగోలు):

తమ్ముడూ, నీ డౌటులోనే జవాబుంది. మీ మెకానిక్ చెప్పే మందు, నీకున్న జబ్బూ ఒకటే.

మే నెలలో 44 డిగ్రీలంటే మనకి నిప్పు. ఇంజిన్‌కి అది చలిగాలే, ఎందుకంటే దాని లోపల నీళ్లు 90 దగ్గర ఉండాలి. హైవే మీద తొంభైలో పోతుంటే ఆ గాలి రేడియేటర్ని బాగానే ఆరబెడుతుంది. ఆ టైమ్‌లో థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి తెరుచుకుని మూసుకునే ఆ వాల్వు, కొంచెం మూసుకుని, రేడియేటర్‌లోకి పోయే నీళ్లని తగ్గించాలి. అది మూసుకోకపోతే ముల్లు జారుతుంది, నీకు జరుగుతున్నది అదే. నీళ్లు ఇంకా చల్లగానే ఉన్నాయని కంప్యూటర్ అనుకుంటుంది, పాత స్కూటర్‌కి చోక్ లాగినట్టు పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజి అక్కడే పోతోంది. చల్లటి ఇంజిన్‌లో పెట్రోల్ సరిగా కాలక కొంత ఆయిల్లోకి దిగుతుంది, తేమ ఆవిరై బయటికి పోదు. ఆయిల్ పోసే మూత తీసి లోపలి వైపు చూడు, పాలకాఫీ రంగు నురగ లాంటిది ఉంటే అది ఈ తేమే కావొచ్చు. హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పై భాగమైన హెడ్ కింద ఉండే సీలు) పోయినా అలాగే కనిపిస్తుంది, కూలెంట్ కూడా తగ్గుతోందేమో చూసుకో.

ముందు ఒక పరీక్ష. పొద్దున బండి పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి, రేడియేటర్ పై హోస్ మీద చెయ్యి పెట్టు, ఫ్యాన్‌కి బెల్టుకి దూరంగా. వాల్వు మంచిదైతే ఆ పైపు చాలాసేపు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చగా మొదలైతే వాల్వు మూసుకోవడం లేదన్నట్టే. కొన్ని బండ్లకి వాల్వు కింది హోస్ వైపు ఉంటుంది, వాటికి ఈ లెక్క ఇంత తేటగా తెలియదు, మాన్యువల్ చూసుకో.

ఇంట్లో అయ్యే పనే. బండి ఆపి మూడు గంటలు ఆగు, వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకు. అది కుక్కర్ మూత లాంటిదే, లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టే నీళ్లు 100 దాటినా మరగకుండా ఉంటాయి, మూత తీసిన క్షణంలో మొహం మీదకి లేస్తాయి. బ్యాటరీ నెగెటివ్ తీసెయ్, కొన్ని బండ్లకి తాళం తీశాక కూడా ఫ్యాన్ తిరుగుతుంది. కింద టబ్బు పెట్టి నీళ్లు దించు. హోస్‌ని లాగొద్దు, ముందు చేత్తో మెలితిప్పి పట్టు వదిలించు. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తావంటే గొట్టమే విరుగుతుంది, ఈ మధ్య అన్నీ ప్లాస్టిక్కేగా. పది నంబరు బోల్టులు రెండో మూడో ఉంటాయి. బిగించేటప్పుడు పొడుగు రాడ్ పెట్టకు, చిన్న రాచెట్‌తో మణికట్టు బలం చాలు, అల్యూమినియంలో మర పోతే అసలు ఖర్చు అప్పుడు మొదలవుతుంది.

స్ప్రింగ్, రాగి గుండు ఉన్న వైపు ఇంజిన్ వైపుకి ఉండాలి. చిన్న పిన్ను ఆడుతూ ఉంటుంది చూడు, అది పైకి రావాలి. గాలి పోయే దారి అదే. రబ్బరు రింగు కొత్తది వెయ్, దాని మీద మళ్లీ సిలికాన్ పేస్ట్ పూయొద్దు.

రాతిబండి (చీమకుర్తి):

ఎందుకబ్బా ఇంత శాస్త్రం. మా టిప్పర్‌కి ఆరేళ్లయింది వాల్వు తీసేసి, క్వారీ నుంచి రాయి మోస్తూనే ఉంది, ఏమీ కాలేదు. వాల్వు ఉంటే ఎప్పుడో ఒకరోజు మూసుకుని బిగుసుకుంటుంది, అప్పుడు హెడ్ పోతుంది. తెరుచుకుని ఉంటే పోయేది నాలుగు చుక్కల డీజిలు, మూసుకుంటే పోయేది లక్ష. నేనైతే మీ మెకానిక్ మాటే వింటా.

గుండ్లకమ్మ (ఒంగోలు):

రాతిబండి అన్నా, మీ బండి సంగతి వేరు. రోజంతా లోడుతో లాగే ఇంజిన్ ఎట్లాగూ వేడిగానే ఉంటుంది. ఈయనది ఖాళీ రోడ్డు మీద ఇద్దరు కూర్చుని పోయే చిన్న బండి, వేడెక్కడమే కష్టం.

ఇంకో సంగతి, వాల్వు తీసేస్తే ఎప్పుడూ చల్లగానే ఉంటుందనేది కూడా నిజం కాదు. కొన్ని థర్మోస్టాట్లకి అడుగున రెండో పళ్లెం ఉంటుంది. పై వాల్వు తెరుచుకునేటప్పుడు ఆ పళ్లెం బైపాస్ దారిని మూసేస్తుంది, అప్పుడు వేడి నీళ్లన్నీ రేడియేటర్‌కే పోతాయి. మొత్తం పీకేస్తే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది, వేడి నీళ్లలో కొంత భాగం రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి తిరిగొస్తుంది. మా మామయ్య బండికి ఇలాగే తీసేశారు. ఒంగోల్లో బాగానే తిరిగింది. కార్తీకమాసంలో ఏడుగురిని ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరాం, దోర్నాల దాటి ఘాట్ ఎక్కాక ఎర్ర లైటు. అడవిలో రెండు గంటలు కోతుల మధ్య కూర్చున్నాం. అత్తయ్య పులిహోర డబ్బా మూత తీయాలంటే భయపడింది.

బిగుసుకుపోతుందన్న భయం ఉంటే ఐదారేళ్లకోసారి మార్చుకుంటే పోయె. నాలుగైదు వందల సరుకు.

బోరునీళ్లు (కనిగిరి):

అందరూ వాల్వు గురించే మాట్లాడుతున్నారు, నీళ్ల గురించి ఎవరూ అడగలేదు. మాది కనిగిరి, నీళ్లంటే మాకు మామూలు విషయం కాదు, ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు, ఎముకలు పోగొట్టుకున్న ఊళ్లు మావి. ఆ బోరు నీళ్లే రేడియేటర్‌లో పోస్తే దాని ఎముకలూ మిగలవు. మా ఇంట్లో గీజర్ రాడ్డు మీద తెల్లగా గచ్చు కట్టినట్టు పేరుకుంటుంది, ఇంజిన్ లోపలా అంతే, వాల్వు స్ప్రింగ్ మీద ఉప్పు కట్టి సగంలో ఆగిపోతుంది. కొత్తది వేసి మళ్లీ కుళాయి నీళ్లు పోస్తే రెండేళ్లలో ఇదే కథ.

ప్లాంటు నీళ్లు బోరు కంటే నయం, కానీ వాటిలోనూ కొంత ఉప్పు ఉంటుంది. డిస్టిల్డ్ వాటర్ కొనండి, బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. యాసిడ్ డబ్బా కాదు, నీళ్ల డబ్బా, చదివి తీసుకోండి. రంగు చూసి కూలెంట్ కొనొద్దు, ఒక్కో కంపెనీ ఒక్కో రంగు వేస్తుంది, మీ మాన్యువల్లో ఏ రకం అని ఉందో అదే తీసుకోండి. రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు జిగురులా తయారవుతుంది.

ఇంకోటి, దించిన కూలెంట్ టబ్బు వాకిట్లో వదిలేయొద్దు. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, కిడ్నీలు పోతాయి. చిన్నపిల్లలున్న ఇల్లయితే మరీ జాగ్రత్త.

పెన్నా గట్టు (నెల్లూరు):

అన్నలూ, ఆదివారం విప్పాను. ముందు పై హోస్ పరీక్ష చేశా, స్టార్ట్ చేసిన రెండో నిమిషానికే గోరువెచ్చన. సరే అనుకుని నీళ్లు దించా. నీళ్లే, కూలెంట్ కాదు. టీ డికాషన్ రంగులో తుప్పు నీళ్లు. ఒక బోల్టు మొరాయించింది, తుప్పుకి కొట్టే స్ప్రే కొట్టి టిఫిన్ చేసి వచ్చేసరికి వదిలింది. మూత తీశా.

లోపల ఏమీ లేదు.

అంటే పగిలిందనో, బిగుసుకుందనో కాదు. వాల్వే లేదు. ఉత్త గుంత, చుట్టూ ఎర్రగా తుప్పు. ఎవరో ఎప్పుడో పీకేసి మూత బిగించేశారు, నేను రెండేళ్లుగా లేని థర్మోస్టాట్ పోయిందని బాధపడుతున్నా. మా మెకానిక్ లేని దాన్ని తీయడానికి మూడొందలు అడిగాడు!

ఇప్పుడు ఒక లెక్క చెప్పండి. మాన్యువల్లో మొత్తం కూలెంట్ 4 లీటర్లు అని ఉంది. కడగడానికి డిస్టిల్డ్ నీళ్లు పోసి రెండుసార్లు తిప్పి దించా, మొదటిసారి తుప్పు, రెండోసారి బాగానే తేరింది. చివరిసారి బయటికొచ్చింది రెండున్నర లీటర్లే. సగం సగం కలపమన్నారు, రెండున్నరలో సగం చొప్పున పోయాలా?

బోరునీళ్లు (కనిగిరి):

హహ్హహ్హ, లేని గోవుకి గడ్డి వేసినట్టుంది మీ కథ.

వద్దు, అలా పోస్తే పల్చబడుతుంది. ఒకటిన్నర లీటరు ఉత్త నీళ్లు ఇంజిన్ లోపలే ఉండిపోయాయి కదా. మొత్తం 4లో సగం అంటే 2 లీటర్లు అసలు కూలెంట్ ఉండాలి. కాబట్టి ముందు 2 లీటర్లు కలపని గాఢమైన కూలెంట్ పోసి, మిగతా అర లీటరు డిస్టిల్డ్ నీళ్లతో నింపండి. ముందే కలిపి అమ్మే డబ్బా తీసుకోవద్దు, ఈ పనికి అది చాలదు.

గుండ్లకమ్మ (ఒంగోలు):

వేసే ముందు కొత్త వాల్వుని కూడా నమ్మకు, ఉడకబెట్టి చూడు. వాల్వుని వేలితో కొంచెం తెరిచి, ఆ సందులో దారం పెట్టి వదిలితే దారాన్ని పట్టుకుంటుంది. ఆ దారంతో గిన్నెలో వేలాడదియ్యి, అడుగు తగలకూడదు. పక్కన 110 వరకు చూపే థర్మామీటర్ పెట్టి మంట మీద వేడి చెయ్యి. వాల్వు తెరుచుకోగానే దారం జారి డుబుక్కున కింద పడుతుంది, అప్పుడున్న డిగ్రీ చూసుకో. దాని మీద 82 అనో 88 అనో గుద్ది ఉంటుంది, ఒకటి రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా పర్లేదు. అది తెరుచుకోవడం మొదలయ్యే వేడి, పూర్తిగా తెరుచుకోవాలంటే ఇంకో పది పైన కావాలి.

గాలి తీయడం మర్చిపోకు. పని మొత్తంలో జనం తప్పు చేసేది అక్కడే. మీ ఇంటి గేటు ముందు ర్యాంపు ఉంటుందిగా, ముందు చక్రాలు దాని మీదకి ఎక్కించి ముక్కు పైకి పెట్టు. ఏసీ ఆపి, హీటర్ ఫుల్ వేడిలో పెట్టి, రేడియేటర్ మూత తెరిచే ఉంచి, చల్లటి ఇంజిన్ని స్టార్ట్ చెయ్. బుడగలు వస్తుంటే పోస్తూ ఉండు. పై పైపు ఒక్కసారిగా కాలిందంటే వాల్వు తెరుచుకున్నట్టు, మట్టం దిగుతుంది, ఇంకొంచెం పోసి, పొంగకముందే మూత పెట్టేసెయ్. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా ముల్లు మీద కన్నుంచు.

పెన్నా గట్టు (నెల్లూరు):

అయిపోయింది. వాల్వు 480, రింగు 60, కూలెంటు నీళ్లు కలిపి తొమ్మిదొందల చిల్లర. పాలగిన్నెలో ఉడకబెడదామని తీస్తే అమ్మ లాగేసుకుంది, పాత డాల్డా డబ్బాతో కానిచ్చా. 82 గుద్ది ఉన్నది, 83 దగ్గర పడింది. పడిన చప్పుడుకి మా తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

గాలి విషయంలో మాత్రం టెన్షన్ పడ్డా. మొదటిసారి ర్యాంపు మీద తొందరపడి మూత పెట్టేశానేమో, ముల్లు సగం దాటి ఎక్కడం మొదలెట్టింది, హీటర్లో చల్లగాలే వస్తోంది. వెంటనే ఆపేశా. సాయంత్రం దాకా చల్లారనిచ్చి మూత తీస్తే పావు లీటరు పైనే పట్టింది. రెండోసారి సక్రమంగా అయింది.

నిన్న పొద్దున కావలి వెళ్లొచ్చా. పోను రాను ముల్లు మధ్యలో మేకు కొట్టినట్టు నిలబడింది. చెక్ ఇంజిన్ లైట్‌ని స్కానర్‌తో తీసేశాక మళ్లీ రాలేదు. మైలేజి రెండు ట్యాంకులు పోయాక చెప్తా, ఇప్పుడే చెప్తే నాకు నేను సర్దిచెప్పుకున్నట్టు ఉంటుంది.

వచ్చేటప్పుడు మెకానిక్ దగ్గర ఆగి, లోపల అసలు వాల్వే లేదయ్యా అని చెప్పా. నవ్వి, బెంచీ కింద నుంచి ఒక పెయింట్ డబ్బా లాగి చూపించాడు. సగానికి పైగా ఉన్నాయి, ఇన్నేళ్లలో పీకినవి. పాత ఇత్తడివి వేరే డబ్బాలో వేస్తాడంట, పాత సామాన్ల వాడు వాటికి మంచి రేటు ఇస్తాడని.

రాతిబండి (చీమకుర్తి):

ఆ డబ్బాలో మా టిప్పర్ సైజుది ఉంటే అడిగి పెట్టు తమ్ముడూ. వేస్తానని కాదు, ఊరికే ఉడకబెట్టి చూస్తా.