టేబుల్ అంచు పైకి లేచింది, మీద తెల్లమచ్చ పడింది. చిత్రిక పట్టెయ్యనా?

గోదావరిగట్టు:
కొవ్వూరులో మా తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు అటక పలకలు నేను తెచ్చుకున్నాను. బర్మా టేకని మా నాన్న అంటారు. మేకులు పీకడానికే రెండు ఆదివారాలు పట్టింది. తల తెగి లోపలే ఉండిపోయిన వాటిని పాత స్పీకర్ అయస్కాంతంతో వెతికాను. మే నెలలో డాబా మీద కూర్చుని, అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పుతో భోజనాల టేబుల్ చేశాను. నేను వడ్రంగిని కాను, బ్యాంకు ఉద్యోగిని. ఆరు పలకలు ఫెవికాల్‌తో అతికించి, కింద చట్రానికి పద్దెనిమిది స్క్రూలు వేశాను. ఊగితే పరువు పోతుందని ఒక్కోటీ బలం కొద్దీ బిగించాను. పైన లక్క పాలిష్ ఏడు పూతలు. గుడ్డతో పులిమిన కొద్దీ తేనె రంగు తేలింది. జూన్ అంతా ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చూపించాను.

ఆగస్టు ముసురు పట్టాక కిటికీ వైపు అంచు లేచింది. స్కేలు అడ్డంగా పెడితే మధ్యలో అయిదు రూపాయల బిళ్లలు రెండు దూరుతున్నాయి. మొన్న రాత్రి టక్కుమని చప్పుడైతే లేచి చూశాను, రెండు స్క్రూలు ఊడొచ్చాయి. ఇది చాలదన్నట్టు మా అత్తయ్య పప్పుచారు గిన్నె పొయ్యి మీంచి దించి తిన్నగా దాని మీద పెట్టారు. గిన్నె అడుగంత తెల్లటి వలయం. ఆవిడతో ఏమీ అనలేదు, ఇక్కడ చెప్పుకుంటున్నాను.

లేచిన అంచు చిత్రిక పట్టేసి చదును చేద్దామా?

చేవకర్ర:
చిత్రిక జోలికి వెళ్లకండి. ముందు ఇది చెప్పండి, అడుగువైపు పాలిష్ వేశారా?

గోదావరిగట్టు:
లేదండి. కింద ఎవరు చూస్తారులే అని వదిలేశాను.

చేవకర్ర:
అదే కొంప ముంచింది. పైన ఏడు పూతలు, కింద పచ్చి చెక్క. ముసురుకి అడుగువైపు తేమ పీల్చి ఉబ్బింది, పైవైపు అంతగా ఉబ్బలేదు, అంచులు పైకి తిరిగాయి. ఎన్నేళ్లు ఎండిన టేకైనా వానాకాలం వెడల్పవుతుంది, ఎండాకాలం తగ్గుతుంది. పొడవులో దాదాపు ఏమీ ఉండదు, అంతా అడ్డానికే. మూడడుగుల మీద నాలుగైదు మిల్లీమీటర్లు కదిలే చెక్కని పద్దెనిమిది స్క్రూలతో కట్టేస్తే ఎటు పోతుంది? పాతకాలం తలుపులు చూడండి, మధ్య పలకల్ని చట్రం గాడిలో వదులుగా కూర్చోబెడతారు. మా నాన్న నాకు మొదట నేర్పిన పని ఆ గాడి తియ్యడమే.

పైచెక్క విప్పి, గోడకి నిలబెట్టి, రెండు వైపులా గాలి తగిలేలా రెండు మూడు వారాలు వదిలెయ్యండి. ఎండలో మాత్రం వద్దు. ఇప్పుడు చిత్రిక పడితే ఏప్రిల్‌కి రెండో వైపు వంకర తేలుతుంది. సర్దుకున్నాక కింద కూడా ఏడు పూతలు వెయ్యండి. చట్రం మధ్య పట్టీలో స్క్రూలు గట్టిగా ఉండనివ్వండి. మిగతా బెజ్జాలన్నీ టేబుల్ వెడల్పు దిక్కుగా కోలగా చేసి, వాషర్ వేసి, ఓ మాదిరిగా బిగించండి.

బాల్కనీ_వడ్రంగి:
మచ్చ సంగతి నేను చెప్తాను. లక్క వేడికి మెత్తబడుతుంది, తేమ అందులో చిక్కి తెల్లగా కనిపిస్తుంది. మెత్తటి నూలుగుడ్డకి నాలుగు చుక్కలు స్పిరిట్ పట్టించండి. చేతి మీద తుడుచుకుంటే చల్లగా తగలాలి, తడి మాత్రం కనిపించకూడదు. వలయం మీద ఎక్కడా ఆగకుండా ఇటునుంచి అటు లాగెయ్యండి. ఆగారా, పాలిష్ గుడ్డతో పాటు లేచొస్తుంది. వాన తెరిపిచ్చిన రోజే చెయ్యండి. నేను ఓసారి జూలైలో, జల్లు పడుతుండగా తొందరపడితే టేబులంతా పాలిపోయింది.

నన్నడిగితే అన్నం తినే టేబుల్‌కి లక్క వద్దు. మ్యాట్ పీయూ, అంటే మెరుపు లేని పాలీయురెథేన్ పూత, వెయ్యండి. కానీ ఉన్న లక్క మీద నేరుగా వద్దు, మామూలు లక్కలో మైనం ఉంటుంది, పీయూ పట్టదు. 120, 180, 220 నంబరు ఉప్పుకాగితాలతో వరసగా, చెక్క చార వెంబడి చెక్క తేలేదాకా రుద్దండి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి థిన్నర్ గుడ్డతో తుడిచి వెంటనే మొదటి పూత వెయ్యాలి.

చేవకర్ర:
పీయూ వేస్తే అది టేకో ప్లాస్టికో ఎవడికి తెలుస్తుందమ్మా.

బాల్కనీ_వడ్రంగి:
మ్యాట్ అన్నాను బాబాయ్. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, పొద్దున్నే పాలు ఒలకబోస్తారు. లక్కతో నావల్ల కాదు.

గోదావరిగట్టు:
ఈ ఉదయం విప్పాను. పదకొండో స్క్రూ తీస్తుంటే పలక కిర్రుమని తనంతట తనే కాస్త దిగింది, భయమేసింది. కోల బెజ్జం కోసం రెండు బెజ్జాలు పక్కపక్కనే వేసి మధ్య ముక్క ఉలితో తీస్తున్నాను. అయిదు అయ్యాయి. మధ్యాహ్నం తెరిపిస్తే స్పిరిట్ గుడ్డ లాగాను, మచ్చ ముప్పాతిక పోయింది. పీయూ గురించి చాలాసేపు ఆలోచించాను గానీ ఆ రంగు చెరపడానికి మనసొప్పలేదు. లక్కే ఉంచి, కొబ్బరిపీచు మ్యాట్లు నాలుగు కొన్నాను.

పైచెక్క హాల్లో గోడకి ఆనించి ఉంది. అందరం చాప మీదే తింటున్నాం. అత్తయ్య కింద కూర్చోలేరు, ఆవిడకి కుర్చీ వేశాం. పప్పుచారు గిన్నె నేల మీద, చుట్టకుదురు మీద.