కులీ కుతుబ్‌షా పేరులోని ‘కులీ’

నిన్న మన గ్రూపులో ఒక మిత్రులు అడిగారు: “మహమ్మద్ కులీ కుతుబ్‌షా పేరులోని కులీకీ, మన కూలికీ సంబంధం ఉందా? లేక అది అరబ్బీ మాటా?” దాని కింద వచ్చిన జవాబులు నాకు సరిగా అనిపించలేదు. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

కూలితో దానికి సంబంధం లేదు. కూలి ద్రావిడ మాట. తమిళంలోనూ కన్నడంలోనూ అదే అర్థంలో ఉంది. కులీ అరబ్బీ కాదు, పారసీకమూ కాదు. అచ్చమైన తుర్కీ మాట. కుల్ అంటే బానిస, దాసుడు. చివర వినిపించే ‘ఈ’ ఒక ప్రత్యయం, ‘అతని’ అని దాని అర్థం. మనం ‘రాజు గుర్రం’ అనే చోట తుర్కీలో ‘రాజు, అతని గుర్రం’ అన్నట్టుగా రెండో మాటకు ఆ గుర్తు తగిలిస్తారు. అలీ కులీ అంటే ‘అలీ, ఆయన దాసుడు’. మహమ్మద్ కులీ అంటే మహమ్మదు ప్రవక్త దాసుడు. ఇదే భావాన్ని అరబ్బీ తిరగేసి చెబుతుంది: అబ్దుల్లా అన్నప్పుడు దాసుడు ముందు, దేవుడు వెనక. తుర్కీ వరుస మన రామదాసు వరుస.

కంచర్ల గోపన్న గోల్కొండ చెరలో ఉన్నాడు కదా. ఆ కోటను రాతితో పెంచిన వంశంవారి పేర్లలోనూ, ఆ ఖైదీని మనం తలుచుకునే పేరులోనూ ఒకే భావం, ఒకే మాటల వరుస ఉన్నాయి. ఇది గమనించిన రోజు చాలాసేపు నాకు మరో పని మీద మనసు నిలవలేదు.

మాట ఇక్కడికి ఎలా వచ్చిందంటే, వంశకర్త సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ వైపు నుంచి బహమనీ కొలువుకు వచ్చిన తుర్క్‌మెన్. ఆయన వంశానిది కరా కొయున్లు తెగ. కరా అంటే నల్లని, కొయున్ అంటే గొర్రె. చివరి ‘లు’ చూడగానే తెలుగువాళ్లం ‘నల్లగొర్రెలు’ అని బహువచనంగా చదివేస్తాం. ఆ ‘లు’ బహువచనం కాదు, ‘కలవారు’ అనే అర్థమిచ్చే ప్రత్యయం. వాళ్లు నల్లగొర్రెలవారు. వారిని ఓడించిన తెగ అక్ కొయున్లు, అంటే తెల్లగొర్రెలవారు. గోల్కొండలో కొలువు భాష పారసీకం. ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగు కవులను ఆదరించి వారి నోట మల్కిభరాముడయ్యాడు, మహమ్మద్ కులీ దక్కనీ ఉర్దూలో కవిత్వం రాశాడు. తాతల తుర్కీ మాత్రం పేర్లలో నిలిచింది.

ఈ చిన్న మాట వయసు చూడండి. మంగోలియాలో ఓర్ఖోన్ నది లోయలో 732 నాటి రాతి శాసనం ఒకటి ఉంది. బిల్గే ఖాగాన్ అనే రాజు చనిపోయిన తన తమ్ముడు క్యుల్ తెగిన్ కోసం నిలిపించాడు. తన జాతి చైనాకు లొంగిపోయిన రోజులను తలుచుకుంటూ, దొరలు కావలసిన కొడుకులు ‘కుల్’ అయ్యారు, కూతుళ్లు దాసీలయ్యారు అని అందులో వాపోతాడు. ఆ లిపిని 1893లో డెన్మార్క్ పండితుడు విల్‌హెల్మ్ థామ్సెన్ ఛేదించాడు. ఆయన మొదట గుర్తుపట్టిన మాటల్లో ‘తెంగ్రి’ ఒకటి. ఆకాశం, దేవుడు రెండూ దాని అర్థాలే. తమ్ముడి పేరులోని క్యుల్ వేరు, దాసుడనే కుల్ వేరు. అచ్చు మారితే మాటే మారిపోతుంది.

తుర్కీ భాషలకు అచ్చులే ప్రాణం. నేటి టర్కిష్‌లో కుల్‌కు బహువచనం కుల్లర్, ఎవ్ (ఇల్లు)కు ఎవ్లెర్. మాటలోని అచ్చును బట్టి ప్రత్యయం తన అచ్చును మార్చుకుంటుంది. మనమూ పులికి అంటాం, చెట్టుకు అంటాం. ‘కి’, ‘కు’ల తేడాకు కారణం ముందున్న అచ్చే. పులి బహువచనంలో మాత్రం ‘పులులు’ అవుతుంది. అక్కడ ప్రత్యయమే వెనక్కి తిరిగి మాటను మార్చింది. టర్కిష్‌లో ఆ వెనకనడక లేదు. ఈ పోలికలు పట్టుకుని రెండు భాషలూ చుట్టాలనడం మాత్రం తప్పు. తెలుగుది ద్రావిడ కుటుంబం, టర్కిష్‌ది తుర్కీ కుటుంబం.

చేర్పు: వ్యాఖ్యల్లో ఒకరు మంచి ప్రశ్న అడిగారు. టర్కీలో భాషా సంస్కరణ జరిగింది కదా, ఈ మాట ఇంకా ఉందా అని. ఉంది. 1928లో అరబ్బీ లిపి పోయి లాటిన్ లిపి వచ్చింది. 1932లో భాషా సంఘం ఏర్పడి అరబ్బీ, పారసీక మాటలను ఏరివేసే పని చేపట్టింది. బడికి మెక్తెప్ అనే అరబ్బీ మాట పోయి, చదవడమనే ధాతువు ‘ఒకు’ నుంచి ఒకుల్ వచ్చింది. కుల్ సొంత మాట కనుక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అచ్చుల పొందిక వల్ల ఈనాడు కులీ ‘కులు’ అయింది, అంతే.

అక్కడ ఇప్పటికీ జనం తరచుగా అనే మాట ‘కుల్ హక్కి’, అంటే దేవుడి దాసుడైన మనిషి హక్కు. తోటి మనిషికి అన్యాయం చేసినవాణ్ణి, నష్టపోయిన ఆ మనిషే క్షమించాలి, దేవుణ్ణి వేడుకుంటే సరిపోదు అనే నమ్మకం అందులో ఉంది. కుల్ ఓర్ఖోన్ రాతి మీది మాట. హక్ అరబ్బీ నుంచి అటు టర్కిష్‌లోకి వెళ్లిన మాట, ఇటు మన దగ్గర హక్కు అయిన మాట. చివరి ‘ఇ’ మహమ్మద్ కులీ పేరులో ఉన్న ఆ ‘అతని’.