అటవీ జీవావరణమా, వృక్ష శరీరధర్మమా: పరిశోధనకు ఏది?

ప్రశ్న: వృక్షశాస్త్రంలో ఎమ్మెస్సీ పూర్తిచేశాను. అడవులపై పీహెచ్‌డీ చేసి అధ్యాపక వృత్తిలో స్థిరపడాలని ఉన్నా, శరీరధర్మ శాస్త్రం ప్రయోగశాలకే పరిమితమన్న మాట విని వెనకాడుతున్నాను. రెంటిలో ఏది మేలు?

జవాబు: రెంటినీ విడదీయనక్కరలేదండీ. కరవులో ఏ చెట్టు నిలుస్తుందో, ఏది ఎండుతుందో తెలియాలంటే దాని దారువులోని, అంటే నీటిని పైకి మోసే కణజాలంలోని, నీటి ధార ఎంత లాగుడుకు తెగుతుందో కొలవాల్సిందే. 1965లో శాస్త్రవేత్త షోలాండర్ బృందం ప్రాచుర్యంలోకి తెచ్చిన, రెమ్మలో నీటి లాగుడును కొలిచే పీడన పేటికతో మేము తెల్లవారకముందే పని మొదలుపెట్టేవాళ్లం. కోసిన రెమ్మను అందులో బిగించి, నైట్రోజన్ పీడనం పెంచుతూ, కోత మీద రసం చెమ్మగిల్లే క్షణం కోసం భూతద్దంతో కాచుకొని ఉండాలి; అప్పటి పీడనమే ఆ లాగుడుకు కొలత. చలికి వేళ్లు కొంకర్లు పోయేవి, అది వేరే సంగతి.

మరో జవాబు: ఏకీభవిస్తూనే ఒక హెచ్చరిక. చెట్లు మన ఫెలోషిప్ గడువును పట్టించుకోవు; మూడు నాలుగేళ్ల కొలతలతో అడవి మార్పును తేల్చలేం కనుక, శాశ్వత నమూనా క్షేత్రాలను ఏళ్ల తరబడి కొలుస్తున్న బృందంలో చేరండి. గణాంకశాస్త్రం ముందే నేర్చుకోండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. అలాంటి క్షేత్రాలున్న ఆచార్యులకే ముందుగా రాస్తాను.