ఏజెన్సీ పీహెచ్‌సీలకు పోర్టబుల్ స్కానింగ్ మెషీన్లు ఇవ్వాలా, వద్దా?

సీతమ్మధార వాసి:
ఇవ్వాలనే నా వాదన. గర్భిణిని డోలీలో రోడ్డు దాకా మోసి, అంబులెన్స్‌లో ఘాట్ దింపి, విశాఖ కేజీహెచ్‌కి చేర్చాక గానీ బిడ్డ అడ్డం తిరిగిందనో, మాయ కిందికి ఉందనో తెలియకపోతే ఎలా? ఆ స్కానేదో ముందే దగ్గర్లోని పీహెచ్‌సీలో చేయొచ్చు కదా.

గాజువాక అడ్వొకేట్:
వద్దు. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో చట్టం ఊరికే రాలేదు. ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 1991లో 945 మంది ఉంటే, 2001కి 927కి పడిపోయారు. గదిలో ఉన్న పెద్ద మెషీన్‌కైతే సీలు వేస్తారు. జేబులో పట్టేదాన్ని ఎవరు పట్టుకుంటారు?

క్యాజువాలిటీ డాక్టర్:
అడ్వొకేట్ గారూ, మీ భయం న్యాయమైనదే. కానీ చట్టం పోర్టబుల్ మెషీన్‌ని పూర్తిగా వద్దనలేదండీ. రిజిస్టరైన ఆసుపత్రిలో ఇన్‌పేషెంట్లకు వాడొచ్చు, ఇతర సేవలూ అందించే మొబైల్ మెడికల్ యూనిట్‌లోనూ వాడొచ్చు. గర్భిణికి చేస్తే ఆ స్కాన్ వివరాలు రాసే ఫారం ఎఫ్ తప్పదు. ఈ కాగితాలు పక్కాగా ఉండాల్సిందే, అందులో రాజీ వద్దు.

అయితే ఈ మెషీన్ గర్భిణులకే కాదు. హైవే యాక్సిడెంట్ కేసు వస్తే, పేషెంట్ స్ట్రెచర్ మీద ఉండగానే జెల్ రాసి కుడి పక్కటెముకల దగ్గర ప్రోబ్, అంటే మెషీన్‌కి ఉండే చేతిలో పట్టుకునే భాగం, పెడతాం. లివర్‌కీ కిడ్నీకీ మధ్య నల్లటి చార కనిపించిందంటే కడుపులో రక్తం చేరిందని అనుమానించాలి. బీపీ కూడా పడిపోతుంటే ఇక సీటీ స్కాన్‌కి పంపి కాలయాపన చేయకుండా సర్జన్‌ని పిలుస్తాం. ఊపిరితిత్తుల్లో నీరు చేరినా మంచం దగ్గరే తెలుస్తుంది.

నాకు టెన్షన్ అంతా వేరే చోట. చార లేనంత మాత్రాన రక్తస్రావం లేనట్టు కాదు. కాసేపాగి మళ్లీ చూడాలి. ఆ సంగతి తెలియనివాళ్లు "స్కాన్ నార్మల్" అని ఇంటికి పంపేస్తే ప్రాణమే పోతుంది. అందుకే మెషీన్ కంటే ముందు ట్రైనింగ్ ఇవ్వమంటాను.

పాడేరు స్టాఫ్ నర్స్:
బాగా చెప్పారు సార్. కానీ గర్భిణులకు స్కాన్ చేయాలంటే ఎంబీబీఎస్ డాక్టర్‌కి ఆరు నెలల శిక్షణ ఉండాలని 2014 నిబంధనలు అంటున్నాయి. మా డాక్టర్ ఆరు నెలలు ట్రైనింగ్‌కి వెళ్తే ఇక్కడ ఓపీ ఎవరు చూస్తారు? ఆ స్థానంలో ఇంకొకరిని వేసి, ఆ తర్వాతే మెషీన్ పంపమనండి.