మనసు వినపడే మనిషి ప్రేమిస్తే: అడగకుండా వినడం తప్పా, కాదా?

పెన్నాగట్టు:
నేను రాస్తున్న కథలో ఒకచోట ఇంట్లోనే గొడవైంది, అందుకే అడుగుతున్నా. ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల కాడ కాపలా మనిషి హత్య. కేసు చూసే ఎస్సైకి ఎదుటివాళ్ళ మనసులో మాట వినపడుతుంది. క్లూస్ టీమ్‌లో పనిచేసే అమ్మాయికి ఏ వస్తువు ముట్టుకున్నా దాన్ని చివరగా పట్టుకున్న చెయ్యి కనపడుతుంది. కేసు నడుస్తుండగా ఆమె తనను ఇష్టపడుతోందని అతను మనసులోనే విని, అప్పుడు వెళ్ళి తన ప్రేమ చెప్తాడు. నాకు కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే. మా అక్క మాత్రం చదివి, ఇది దొంగతనం అంది.

మైపాడు అల:
నేను నీ వైపే అన్నా. వినపడేది వినపడుతుంది, చెవులు కోసుకోమంటారా? నోరు తెరిచి చెప్పలేక ఏళ్ళు పోగొట్టుకున్న జంటలు మన వీధిలోనే లేవా?

కందుకూరు కోడలు:
మీ అక్క మాటే నా మాట. వినపడటం తప్పని నేననను తమ్ముడూ, విన్నది దాచిపెట్టి, జవాబు ఖాయమయ్యాక వెళ్ళి అడిగాడు చూడు, తప్పు అక్కడుంది, ఎందుకంటే కాదంటుందేమోనన్న భయం అతను ఒక్క నిమిషం కూడా పడలేదు, ఆ భయమంతా ఆమె ఒక్కతే మోసింది. 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పింది? మనిషి ఒప్పుకోకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ పరీక్షలు చేయకూడదని. హత్య చేశాడని అనుమానమున్నవాడి మనసుకే అంత రక్షణ ఉంటే, ప్రేమించిన పిల్ల మనసుకు లేదా?

ఇంకో సంగతి. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో గొలుసు పోతే అంజనం వేయించారు. తమలపాకు మీద కాటుక పూసి ఒక పిల్లోడిని చూడమంటే, వాడు ఎర్రచీర ఆవిడ కనపడుతోందన్నాడు. ఇంట్లో అంట్లు తోమే ఆవిడకు ఎర్రచీర ఉంది, అంతే. ఆమె ఊరొదిలి వెళ్ళిపోయింది. గొలుసేమో తర్వాత వడ్ల గాదె అడుగున దొరికింది. అందుకని నీ హీరోయిన్‌కు చెయ్యి కనపడిందని హంతకుణ్ణి తేల్చేయొద్దు, కాళ్ళు మొక్కుతా.

ఒంగోలు నల్లకోటు:
అక్క చెప్పిన తీర్పులోనే నీకు దారి కూడా ఉంది. ఇష్టపడి చేయించుకున్న పరీక్షలో చెప్పిన మాటలైనా నేరుగా సాక్ష్యం కావు, వాటివల్ల తర్వాత బయటపడిన వస్తువు మాత్రం సాక్ష్యాల చట్టం 27వ సెక్షన్ కింద పనికొస్తుంది (2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో అది 23వ సెక్షన్‌లో ఉంది). ఆమె చూసిన చెయ్యిని కోర్టు ఒప్పుకోదు. అది చూసి వాళ్ళు గుంటలో వెతికించి, మధ్యవర్తుల (పోలీసులు పిలిపించిన బయటి సాక్షుల) ముందు కత్తి బయటికి తీయించి, దాని మీద రక్తం ల్యాబ్‌కు పంపితే కేసు నిలబడుతుంది. ఇద్దరి ప్రేమ సంగతి డిఫెన్స్ లాయరుకు తెలిస్తే క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఏం అడుగుతాడో కూడా రాయి.

పెన్నాగట్టు:
సరే, మొదటి రోజే తనకు వినపడుతుందని ఆమెతో చెప్పేస్తే?

కందుకూరు కోడలు:
అట్లా అయితే అది ప్రేమకథే. ఆమె అతని పక్కన కూర్చున్నంతసేపూ మనసులో ఎక్కాలు చదువుకుంటుంది. పదిహేడో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం. ఒకరోజు జీపులో, తనంతట తానే మధ్యలో ఆపేస్తుంది. అప్పుడు విననీ.

మైపాడు అల:
ఎక్కాలు బాగున్నాయక్కా, కానీ ఆ కష్టం కూడా ఆమెకేనా? పది అడుగుల అవతల వినపడదని పెట్టు అన్నా, స్టేషన్లో అతనే కుర్చీ జరుపుకుని దూరంగా కూర్చోవాలి. ఆమె పిలిచేదాకా.