ఎల్ఈడీ లైట్ల కింద తీసిన బతుకమ్మ ఫొటోల నిండా చారలు, ఎలా సరిచేయాలి?

హనుమకొండలో మా గల్లీ అమ్మాయిలతో రాత్రిపూట బతుకమ్మ షూట్ చేశాను. తంగేడు, గునుగు, కట్లపూలతో పేర్చిన బతుకమ్మ మధ్యలో. చుట్టూ వంగి చప్పట్లు కొడుతుంటే పైనుంచి బంతిరేకులు రాలాలి, ప్రతి రేకూ గాలిలో ఆగినట్టు కనబడాలి. అందుకే షటర్ స్పీడ్ సెకనులో 1/800 వంతు పెట్టి, సైలెంట్ మోడ్‌లో (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షటర్‌తో) తీశాను. వెలుగుకి పెద్ద ఎల్ఈడీ లైట్లు కట్టాం.

కంప్యూటర్‌లో చూస్తే ప్రతి ఫొటోలో అడ్డంగా చారలు. మా చెల్లె నుదుటి బొట్టు తళతళ మెరుస్తోంది, కింద కళ్ల మీద మాత్రం నీడ పడ్డట్టుంది. గునుగు ఒక వరుస తెల్లగా, ఇంకో వరుస మసకగా వచ్చింది.

మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఇలాంటి లైట్లు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయని, సైలెంట్ మోడ్‌లో సెన్సార్ వరుసల వారీగా చదువుతుంది కాబట్టి అది చారలుగా పడుతుందని తెలిసింది. షటర్ 1/100కి తగ్గిస్తే చారలు పోతాయి, కానీ చేతులు, రేకులు చెదిరిపోతాయి కదా!

మెకానికల్ షటర్ (కెమెరాలో నిజంగా కదిలే తెర), యాంటీ ఫ్లికర్ (లైట్ల మినుకును చూసి క్లిక్ చేసే సెట్టింగ్) కలిపి వాడితే 1/800లో కుదురుతుందా? లేక 1/100లోనే ఉంచి ఫ్లాష్‌తో రేకులను ఆపాలా? ఫ్లాష్ పడితే దీపాల వెలుగు చచ్చిపోతుందేమోనని నా టెన్షన్. రా ఫైళ్లు (సెన్సార్ డేటా అంతా ఉండే అసలు ఫైళ్లు) ఉన్నాయి, ముఖాల మీది చారలు తీసే పద్ధతి ఏదైనా ఉందా? పిల్లలంతా పట్టుచీరలు కట్టుకుని ఎంతో ఓపిగ్గా నిలబడ్డారు, వాళ్లకి ఒక్క మంచి ఫొటో అయినా ఇవ్వాలి. సద్దుల బతుకమ్మ నాడు మళ్లీ తీస్తున్నా, ఆలోపు తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.